మిషనుకు కులం లేదు, తాళంచెవికి ఉంది

ఊరూరా నీళ్ల మిషన్లు వచ్చాయి. బిళ్ల వేస్తే నీళ్లు, కార్డు చూపిస్తే నీళ్లు, సెల్‌ఫోన్‌తో డబ్బులు కొడితే నీళ్లు. కొన్నిచోట్ల 'వాటర్ ఏటీఎం' అని బోర్డు. కొన్నిచోట్ల దాతగారి పేరు, ఆయన తండ్రి పేరు, తాత పేరు చెక్కిన పాలరాయి. మంచిదే. ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లు గారపట్టి, ఎముకలు వంకర్లు పోయిన మనుషులు నల్లగొండలో ఉన్నారు, ప్రకాశంలో ఉన్నారు. శుద్ధిచేసిన నీళ్లు వద్దనడానికి మేమేం పిచ్చివాళ్లం కాదు.

అయితే ఈ మిషన్లతో పాటు ఒక మాట కూడా ఊళ్లలోకి దిగింది. "ఇంకా అంటరానితనం ఎక్కడుందయ్యా? నీ కులమేందని మిషను అడుగుతుందా? మాలపల్లె బిళ్లకీ ఊళ్లో బిళ్లకీ ఒకటే ధార కదా!" ఈ మాట ఊరి పెద్దమనుషులు అంటే మాకేం ఆశ్చర్యం లేదు. మన చదువుకున్న పిల్లలు కూడా అంటున్నారు. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని కాదనకుండా, మిగతా సగాన్ని మనవాళ్ల ముందు పెట్టాలని ఇది రాస్తున్నాం.

నిజమైన సగం ఏంది?

నీళ్లు పోసే చెయ్యి లేకపోవడం. మన అవ్వలు, అమ్మలు ఊరబావి దగ్గర కడవ కింద పెట్టి దూరంగా నిలబడేవాళ్లు. ఎవరో ఒకామె వచ్చి, ఆమెకు మనసు పుట్టి, చేద లాగి, తగలకుండా పైనుంచి పోస్తే తెచ్చుకోవాలి. పొద్దున పోయిన మనిషి పొద్దెక్కినా ఇంటికి రాకపోయేది. పోసే ఆమె తిట్టే తిట్లు కూడా నీళ్లతో పాటే పట్టుకు రావాలి. టీ కొట్టు దగ్గరా అంతే. మనకు వేరే గ్లాసు. తాగి మనమే కడిగి పెట్టాలి. ఆ రెండు గ్లాసులు పోయిన కొన్ని ఊళ్లలో వాళ్లకు గాజు గ్లాసు, మనకు పారేసే కప్పు వచ్చాయి. నీళ్ల మిషను దగ్గర ఈ బాధ లేదు. మీట నొక్కితే చాలు. ఎవరి దయా అక్కర్లేదు. ఇది చిన్న సంగతేం కాదు. దయ మీద నీళ్లు తాగిన వాళ్లకే దాని విలువ తెలుస్తుంది.

మరి మిగతా సగం? మిషను దానంతటది ఊళ్లోకి నడిచి రాదు. దాన్ని ఒక మనిషి తెస్తాడు. ఒక మనిషి చోటు చూపిస్తాడు. ఒక మనిషి రాత్రికి తాళం వేసుకుపోతాడు. ఆ మనిషి ఎవరు? మన ప్రశ్న ఇదే.

మిషను వెనక మనిషి

డబ్బులేస్తే సరుకిచ్చే మిషను ఇవాళ్టిది కాదు. సుమారు 2 వేల ఏళ్ల కిందట ఈజిప్టు దేశంలో, అలెగ్జాండ్రియా పట్నంలో ఒక పండితుడు ఉండేవాడు. ఆయన పేరే హీరో. గుడి దగ్గర పెట్టే ఒక పెట్టె ఎట్లా పనిచేస్తుందో ఆయన రాసిపెట్టాడు. పైకంతలో నాణెం వేస్తే అది లోపల త్రాసుకాడ లాంటి కడ్డీ చివర పడుతుంది. బరువుకు ఆ కొస వంగుతుంది, ఈ కొస లేస్తుంది. లేచినప్పుడు నీళ్లకు అడ్డంగా ఉన్న మూత తెరుచుకుంటుంది. నాణెం జారి కింద పడగానే కడ్డీ మళ్లీ మొదటికొచ్చి నీళ్లు ఆగిపోతాయి. మనకు తెలిసినంతలో మొట్టమొదటి అమ్మకపు మిషను ఇదే. అది అమ్మింది నీళ్లే. అవీ గుడి నీళ్లే. నీళ్లకు వెల కట్టడం, పవిత్రతకు వెల కట్టడం రెండూ ఒకే పెట్టెలో పుట్టాయన్నమాట. బిళ్ల వేసేవాడు బయట. పెట్టె విప్పి బిళ్లలు లెక్కపెట్టుకునేవాడు లోపల.

ఇంకొక సంగతి. ఇంగ్లండులో రిచర్డ్ కార్లైల్ అని ఒక పుస్తకాలాయన ఉండేవాడు. మతాన్నీ రాచరికాన్నీ నిలదీసిన థామస్ పెయిన్ రాతలు అచ్చేసినందుకు 1819లో ఆయన్ని జైల్లో వేశారు. పుస్తకాలు అమ్మిన ఆయన మనుషుల మీదా కేసులు పెడుతున్నారు. అప్పుడు, 1822లో, ఆయన అంగడిలో ఒక మిషను పెట్టించాడు. కొనేవాడు ముల్లు తిప్పి కావాల్సిన పుస్తకం దగ్గర పెట్టి డబ్బులేస్తే పుస్తకం కింద పడేది. అమ్మిందెవరు? మిషను. పట్టుకోండి చూద్దాం! సర్కారు ఆ మాట వినలేదు. అంగడి పనివాడికి శిక్ష వేయించింది. మన అభిమానం కార్లైల్ వైపే. కానీ మిషను వెనక మనిషి ఉంటాడనే సంగతి ఆ సర్కారుకు బాగా తెలుసు. పేదవాడు చదివే పుస్తకం దగ్గర ఆ మనిషిని వెతికి పట్టుకున్నారు. పెత్తందారు పెట్టిన నీళ్ల పెట్టె దగ్గరకొచ్చేసరికి మాత్రం "మిషను కదా, దానికేం తెలుసు" అని మనల్ని ఊరుకోమంటున్నారు. ఎట్లా ఊరుకుంటాం?

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 1960ల దాకా తాగునీటి కుళాయిలు పక్కపక్కనే రెండేసి ఉండేవి. ఒకదానిపైన 'తెల్లవాళ్లకు', ఇంకొకదానిపైన 'నల్లవాళ్లకు' అని బోర్డు. కుళాయికి రంగు తెలియదు. గోడ లోపలి గొట్టానికి అసలే తెలియదు. బోర్డు కొట్టిన చేతికి తెలుసు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక గాని ఆ బోర్డుల బలం పోలేదు. మన ఊళ్లలో బోర్డు ఉండదు. ఊరు ఎటు, పల్లె ఎటు అని అందరికీ తెలుసు గనక బోర్డు అక్కర్లేదు.

మిషను లోపల ఏముంది?

మనం అడగాలంటే ముందు మనకు తెలియాలి. తెలియనివాణ్ణి "కరెంటు పనమ్మా, నీకర్థం కాదు" అని పంపేస్తారు. అంత అర్థం కానిదేం లేదు.

బోరు నీళ్లు మొదట ఇసుక ఫిల్టరులోంచి పోతాయి. మట్టి ఆగుతుంది. తరవాత బొగ్గు ఫిల్టరు. రంగు, వాసన తగ్గుతాయి. తరవాత సన్న ఫిల్టరు. అప్పుడు పెద్ద మోటారు ఆ నీళ్లను గట్టి ఒత్తిడితో మెంబ్రేన్ అనే పొరలోంచి నెడుతుంది. ఉప్పులు, ఫ్లోరైడు చాలావరకు ఇవతలే ఆగిపోతాయి. అవతలికి వచ్చినవి మంచినీళ్లు. ఇవతల మిగిలినవి ఉప్పు చిక్కబడ్డ వదులు నీళ్లు. మంచినీళ్లను సూక్ష్మక్రిములు చచ్చే వెలుతురు దీపం కింద నుంచి పంపి స్టీలు ట్యాంకులో నిలవ చేస్తారు.

బయట బిళ్ల పెట్టె ఉంటుంది. అది బిళ్ల సైజు, లోహం చూసి సరైనదైతేనే మింగుతుంది. మింగగానే కరెంటుతో తెరుచుకునే వాల్వు తెరుచుకుంటుంది. ఎన్ని లీటర్లు పోయిందో కొన్ని మిషన్లు మీటరుతో లెక్కపెడతాయి. కొన్ని ఉత్త టైము చూస్తాయి, ఇన్ని సెకన్లని. కార్డు మిషనులో మనం ముందే కట్టిన డబ్బులోంచి ప్రతిసారీ కొంత కోసుకుంటుంది. అంతే. ఇందులో దేవరహస్యం ఏమీ లేదు.

తాళాలు ఎక్కడెక్కడ ఉన్నాయి?

తలుపుకి ఉన్న తాళం అందరికీ కనపడుతుంది. కనపడని తాళాలు ఇంకో ఆరు ఉన్నాయి.

మొదటిది చోటు. మిషను ఎక్కడ పెట్టారు? రచ్చబండ దగ్గరా, గుడి ప్రహరీ పక్కనా, సర్పంచి ఇంటి అరుగు పక్కనా? మన పిల్ల 20 లీటర్ల క్యాను నెత్తిన పెట్టుకుని ఎవరి వాకిళ్ల ముందు నుంచి రావాలి? 20 లీటర్లంటే 20 కిలోలు. చీకటి పడ్డాక ఆ తోవన ఆడపిల్ల పోగలదా? పండగ రోజు, జాతర రోజు, ఊళ్లో గొడవైన రోజు పోగలదా? 24 గంటల మిషను అని రాసి ఉంటుంది. మన ఆడవాళ్లకు అందులో ఎన్ని గంటలు దక్కుతున్నాయో లెక్క వేయండి.

రెండోది చెయ్యి. ప్లాంటుకు మనిషి కావాలి. మోటారు వేయాలి, ఫిల్టరు కడగాలి, లెక్క రాయాలి. నెల జీతం ఉన్న ఆ పని ఎవరికిచ్చారు? అదే ప్లాంటు ముందు కాలవ తీసే పని, ట్యాంకు దిగి కడిగే పని ఎవరికిచ్చారు? లోపల జీతగాడు ఒక కులం, బయట పాచిపని ఇంకొక కులం అయితే, కులం ఎక్కడికీ పోలేదు. ప్లాంటు షెడ్డులోకి వచ్చి కూర్చుంది. మాదిగామె చేత్తో పోసిన నీళ్లు తాగం అనే ఊరు మిషను పోసిన నీళ్లు తాగుతుంది. ఆ మిషనుకు మాదిగామెను ఆపరేటరుగా పెట్టి చూడండి. ఊరు ఎంత మారిందో ఒక వారంలో తేలిపోతుంది.

మూడోది డబ్బు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ సుజల స్రవంతి పెట్టినప్పుడు 2 రూపాయలకు 20 లీటర్లన్నారు. ఇవాళ ప్రైవేటు ప్లాంటుకో రేటు. క్యాను 5 రూపాయలే అనుకుందాం. రోజుకొక క్యాను తెచ్చుకునే ఇంటికి నెలకు 150, ఏడాదికి 1,800 పైచిలుకు. భూమి ఉన్నవాడికి అది టీ ఖర్చు. కూలి దొరికిన రోజే పొయ్యి వెలిగే ఇంటికి అది పిల్లల నోటుపుస్తకాలు. కార్డు మిషనైతే ఇంకో తంటా. కార్డులో డబ్బు వేసేవాడు ఎవరు? ఆయన కొట్టు ఎప్పుడు తెరుస్తాడు? అప్పులో కోసుకుంటాడా? ఫోనుతో కట్టాలంటే ఫోను లేని ముసలమ్మ సంగతేంది?

నాలుగోది కొలత. టైము చూసి పోసే మిషనైతే, ట్యాంకు అడుగంటినప్పుడు ధార సన్నబడుతుంది, టైము మాత్రం తగ్గదు. 20 లీటర్లకు కట్టి 16 లీటర్లు తెచ్చుకుంటాం. కొలత తెలిసిన క్యాను పెట్టి పొద్దునోసారి, సాయంత్రమోసారి పట్టి చూడండి. తక్కువైతే తూనికలు కొలతల వాళ్లకు కాగితం పెట్టండి. 2009 నాటి చట్టం ఉంది. బియ్యం తూకంలో మోసం ఎంత నేరమో నీళ్ల కొలతలో మోసం అంతే నేరం.

ఐదోది వదులు నీళ్లు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇట్లాంటి ప్లాంట్లలో లీటరు మంచినీళ్లు రావాలంటే దగ్గరదగ్గర ఇంకో లీటరు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే వదులు నీళ్లుగా పోతాయి. సగానికి సగం పోతే, అందులో ఉప్పు, ఫ్లోరైడు దాదాపు రెట్టింపవుతాయి. అవి ఎటు పారుతున్నాయి? నీళ్లు పల్లానికి పోతాయి. మన పల్లెలు చాలాచోట్ల ఆ పల్లంలోనే ఉన్నాయి. ఊరి మంచినీళ్ల వదులు మన చేతిపంపు పక్కనే ఇంకుతుంటే, ఊరికి మందు, మనకు విషం అయినట్టే.

ఆరోది పరీక్ష. ప్లాంటువాళ్లు ఒక పుల్ల లాంటి మీటరు నీళ్లలో ముంచి నంబరు చూపిస్తారు. అది కరిగి ఉన్న ఉప్పుల మొత్తం చెబుతుంది, అంతవరకే. మన దేశ ప్రమాణం ప్రకారం అది లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లే దొరకనిచోట 2 వేల దాకా ఓర్చుకోవచ్చన్నారు. కానీ ఆ మీటరు సూక్ష్మక్రిములను చూపించదు. ఫ్లోరైడు ఎంతో విడిగా చెప్పదు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. దానికి ల్యాబు పరీక్షే గతి. మెంబ్రేన్ అరిగిపోయినా మీట నొక్కితే నీళ్లు వస్తూనే ఉంటాయి. తెల్లగా, చల్లగానే ఉంటాయి. వెలుతురు దీపం మాడిపోయినా వస్తాయి. కాబట్టి చివరి పరీక్ష ఏ తేదీన అయింది, పొర ఎప్పుడు మార్చారు అనేది గోడ మీద రాయించాలి.

నీళ్ల దగ్గరే మన చరిత్ర

1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారు. ఆ చెరువు అందరిదని మునిసిపాలిటీ అంతకుముందే, 1924లోనే, తీర్మానం చేసి ఉంది. తీర్మానం ఉంది, చెరువు ఉంది, నీళ్లున్నాయి. తాగే వీల్లేదు. తాగినందుకు మనవాళ్లను కొట్టారు. తరవాత 108 కుండలతో ఆ చెరువును శుద్ధి చేసుకున్నారు. అదీ ఒకరకం శుద్ధి ప్లాంటే.

1985 జూలైలో కారంచేడు దేనితో మొదలైంది? మాదిగలు తాగే నీళ్ల దగ్గర కుడితి బకెట్టు కడగొద్దన్నందుకు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. జూలై 17న మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. రాష్ట్రంలో దళిత ఉద్యమం ఆ బిందెలోంచే లేచింది. కాబట్టి నీళ్లు మనకు ఉత్త దాహం సంగతి కాదు. నీళ్ల మీద ఎవరికి అధికారం ఉందో తేలేవరకు ఏ మిషను వచ్చినా మనం అడగాల్సిందే.

2017లో పశ్చిమగోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలైన గొడవ దళితుల సాంఘిక బహిష్కారం దాకా పోయింది. అట్లాంటి రోజు మీ ఊళ్లో వస్తే ఏమవుతుందో ఆలోచించండి. చేద లాగే రోజుల్లో మనల్ని ఆపడానికి పదిమంది బావి దగ్గర నిలబడాలి. ఇప్పుడు ఒకడు చాలు. కార్డులో డబ్బు వేయను అంటే సరి. షెడ్డుకు తాళం వేసి "మిషను రిపేరు" అంటే సరి. మిషను పెత్తందారు పని కూడా సులువు చేసింది.

చట్టం ఏమంటోంది?

"ఇది దాతగారి సొంతం, ఆయనిష్టం" అంటారు. కాదు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం చదివి వినిపించండి. అంగళ్లు, హోటళ్ల దగ్గరా, ప్రభుత్వ సొమ్ముతో నడిచేవీ జనం కోసం వదిలినవీ అయిన బావులు, చెరువుల దగ్గరా కులం పేరుతో ఎవర్నీ అడ్డుకోకూడదు. జనానికి అమ్మకం మొదలుపెట్టాక అది అంగడే. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఊరి ఉమ్మడి వనరులు, బావి, కుళాయి, నీళ్లు పట్టుకునే ఏ చోటైనా సరే అడ్డుకుంటే నేరం. సాంఘిక బహిష్కారం పెట్టినా, పెడతామని బెదిరించినా నేరం. మిషను అడ్డుకుందని ఎవడూ తప్పించుకోలేడు. తాళం వేసిన చెయ్యి ఎవరిదో ఆ పేరే ఫిర్యాదులో రాయండి.

కుళాయిని మింగే మిషను

ఇంకో ప్రమాదం ఉంది. తాగునీరు ఇవ్వడం పంచాయతీ పని. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన పనుల్లో తాగునీటిని చేర్చింది. తెలంగాణలో 2016లో మిషన్ భగీరథ ప్రారంభించారు. కేంద్రం 2019లో జల్ జీవన్ మిషన్ ప్రకటించి ఇంటింటికి కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అన్నది. ఇది మన హక్కు. పల్లెకు గొట్టం చివర వేసి, వారానికి రెండుసార్లు సన్నధార వదిలి, "నీళ్ల మిషను ఉందిగా, పోయి తెచ్చుకోండి" అంటే ఒప్పుకోకూడదు. కుళాయి హక్కు, మిషను కొనుగోలు. హక్కును కొనుగోలుగా మార్చే బేరం మనకొద్దు. కుళాయి నీళ్లు బాగుండేదాకా మిషను ఉండనీ. కుళాయి బదులు మాత్రం ఉండకూడదు.

మనం చేయాల్సింది

అన్నలారా, అక్కలారా, ఈ సంచిక చేతికి అందిన వారంలో ఈ పనులు మొదలుపెట్టండి.

పల్లెలో నలుగురు కూర్చుని పైన చెప్పిన ఆరు తాళాల మీద మీ ఊరి జవాబులు ఒక కాగితం మీద రాయండి. ఆడవాళ్లను ముందు చెప్పనీయండి. నీళ్లు మోసేది వాళ్లే.

ప్లాంటు ఎవరి స్థలంలో ఉంది, బోరు ఎవరిది, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు, పంచాయతీతో ఏం ఒప్పందం ఉంది అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి. పంచాయతీ స్థలం, పంచాయతీ బోరు అయితే దాతగారి పాలరాయి ఎంత పెద్దదైనా అది ఊరందరి ఆస్తే.

గ్రామసభలో తీర్మానం పెట్టించండి. కొత్త మిషను వస్తే ఊరికీ పల్లెకీ మధ్యన కాదు, పల్లెలోనే పెట్టాలి. ఊరివాళ్లే మన దగ్గరికొచ్చి నీళ్లు పట్టుకుపోతారు. తప్పేముంది? ఇన్నాళ్లూ మనం పోలేదా? తాళంచెవి మన ఆడవాళ్ల సంఘం చేతిలో ఉండాలి. ఆపరేటరు జీతం మన ఇంటి పిల్లకు రావాలి. ముసలివాళ్లకు, ఒంటరి ఆడవాళ్లకు బిళ్ల లేకుండా నీళ్లివ్వాలి. పరీక్ష కాగితం గోడ మీద ఉండాలి. వదులు నీళ్లు ఎటు పోతున్నాయో సభలో చెప్పాలి.

ఇవన్నీ ఒక్కరోజులో రావు. తాళంచెవి అడిగిన రోజు ఊరు ముఖం మాడ్చుకుంటుంది. "నీళ్లిస్తున్నా చాలడం లేదా" అంటారు. చాలడం లేదని చెప్పండి. నీళ్లివ్వమని అడిగే కాలం మన అవ్వలతోనే పోయింది. ఇవాళ మనం అడుగుతున్నది నీళ్లిచ్చే చోట నిలబడే హక్కు.

జై భీమ్.